ఎడమకు తిరిగే డిస్క్‌ను పట్టని బుట్ట

రోజు 4,311

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు పడమటి సొరంగం వచ్చే ఏడాది ఎండ వంతును పోగొట్టుకుంది. తేడా ఒక్క విసురు.

పద్దెనిమిదో, ఆఖరి బుట్ట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి విసుర్ల లెక్కా సమానంగా ఉంది. బుట్ట అంటే ఒక స్తంభం, దాని చుట్టూ వేలాడే గొలుసులు, వాటి కింద ఒక తొట్టి. తూర్పు తరఫున షేక్ మస్తాన్, పడమర తరఫున గేదెల పైడమ్మ. ఇద్దరి డిస్కులూ బుట్టకు ఏడు మీటర్ల దూరంలో ఆగాయి. పది మీటర్ల లోపు నుంచి బుట్టలోకి వేసే ఆఖరి విసురును మా దిగువూరులో దింపు అంటారు. మస్తాన్ దింపు గొలుసులకు తగిలి కింది తొట్టిలో పడింది. పైడమ్మ డిస్క్ గొలుసుల నట్టనడుమ, స్తంభానికి సూటిగా తగిలింది. తగిలి, గొలుసుల వెంట అర చుట్టు తిరిగి, కాస్త పైకి లేచి, బయటికి వచ్చింది. భూమి మీద ఒక వస్తువు అర మీటరు పడడానికి సెకనులో మూడో వంతు చాలు. ఇక్కడ, చంద్రుడి మీద, ముప్పావు సెకను దాటుతుంది. ఆ వ్యవధిలో డిస్క్ తొట్టి అంచు దాటి నేల మీద పడింది.

ఊరి జనాభా 312. రెండు సొరంగాల నడుమ గాలి నింపిన మైదానానికి చూడడానికి వచ్చినవాళ్లు 290 మంది. నా వెనక ఒకాయన అన్నాడు: "పుర్రచెయ్యి కదా, ఆఖర్లో వణికింది."

పైడమ్మకు అది వినబడింది. డిస్క్ తీసుకుని దుమ్ము దులుపుతూ ఆయన వైపు చూసింది.

"వణకనేదు మావా. వణికితే సూటిగా తగుల్తాదేటి?"

ఆమె మస్తాన్ దగ్గరికి వెళ్లి భుజం తట్టి, పడమటి తలుపు వైపు నడిచింది. నాలుగున్నరకు ఆమెకు నీళ్ల డ్యూటీ ఉంది.

పైన గట్టు మీది అద్దం ఏడాదికి ఒక్కసారే తిరుగుతుంది. ఇరుసులోకి దుమ్ము చేరుతుంది కనుక అంతకు మించి తిప్పరు. ఎటు తిప్పితే ఆ సొరంగానికి రోజూ ఆరు గంటల అసలైన ఎండ. రెండో సొరంగానికి దీపాలు. ఈ ఏడాది ఎండ పడమరది. ఎనిమిదేళ్ల క్రితం ఈ వంతు కోసం రెండు వైపులా నలభై రోజులు వాదించుకుని, చివరికి ఆట మీద తేల్చుకోవాలని ఒప్పుకున్నారు. ఈసారి అద్దం తిరిగేది రోజు 4,320, మధ్యాహ్నం రెండింటికి.

రోజు 4,312

ఈ వారం నాకు పడిన పని పడమటి వైపు గాలి జల్లెడలు దులపడం. పద్నాలుగో జల్లెడ పైడమ్మ తోట గదిలో ఉంది.

ఆ గదిలో ఒక చింతచెట్టు ఉంది. ఎత్తు రెండు మీటర్ల ఎనభై. తొమ్మిదేళ్ల క్రితం చింతపండు పొట్లంలో మిగిలిపోయిన గింజ నుంచి మొలిచింది. ఊళ్లో చింతచెట్టు ఇదొక్కటే. మనం తినే పులుసులో పడేది ల్యాబ్ వాళ్లు చేసే పుల్లపొడి. పొట్లాలు రావడం ఆగి ఆరేళ్లయింది.

చెట్టు మొదటిసారి మొగ్గ తొడిగింది. పైడమ్మ లెక్క ప్రకారం 41 మొగ్గలు. నేనూ లెక్కపెట్టాను. 41.

"దీపాలు ఆకుకి సాలతాయి," అంది పైడమ్మ. "పూతకి సాలవు. ఎండ పోయిన నాలుగో రోజుకి మొగ్గ రాలిపోతాది. మళ్లీ ఎన్నేళ్లకి తొడుగుద్దో, అసలు తొడుగుద్దో నేదో."

"తూర్పుకు తరలించలేరా?"

"తలుపు ఎడల్పు ఎంత?"

మీటరు ఇరవై. చెట్టు కొమ్మల విస్తీర్ణం రెండు మీటర్లు. వేళ్లు నేలలో ఉన్నాయి.

జల్లెడ బిగిస్తుండగా ఆమె మళ్లీ మాట్లాడింది. "నిన్న డిస్కు నానెక్కడ కొట్టాలనుకున్నానో అక్కడే తగిలింది బాబూ. ఈ నాలుగు నెలల్నుంచీ ఇదే తంతు. మా లచ్చుం అయితే ఆటే ఒగ్గేసినాడు. ఆడిదీ పుర్రచెయ్యే."

మస్తాన్ వైపు కారణం కూడా రాయాలి. తూర్పున అతను పెసర మళ్లు చూస్తాడు. ఎండ వస్తే పంట రెట్టింపు అవుతుంది. ఇప్పుడు నెలకొకసారి దొరికే పెసరట్టు వారానికొకసారి దొరుకుతుంది. 312 మందికీ.

రోజు 4,313

ఊరి వార్తలు రాసేది నేనే కనుక ఆట లెక్కలన్నీ నా దగ్గర ఉంటాయి. పొద్దున ఆరు నుంచి పదకొండు వరకు వాటిని చూశాను.

ఊళ్లో ఆడేవాళ్లు నలభై మంది. కుడిచేతి వాళ్లు ముప్పై ఐదు, ఎడమచేతి వాళ్లు ఐదుగురు. రోజు 4,190న మైదానంలో పాత బుట్టలు తీసి కొత్తవి పెట్టారు. అంతకు ముందు కుడిచేతి వాళ్లు నూటికి 70 దింపులు బుట్టలో వేసేవారు, ఎడమచేతి వాళ్లు 69. ఆ తర్వాత కుడిచేతి వాళ్లు 83. ఎడమచేతి వాళ్లు 51.

దింపు రెండు రకాలు. డిస్క్‌ను బాగా తిప్పి, నేరుగా, వేగంగా కొట్టేది తిప్పుడు దింపు. దాదాపు తిప్పకుండా, విల్లులా పైకి తోసి, గొలుసుల మీద మెత్తగా వాలేలా చేసేది తోపుడు దింపు. కొత్త బుట్టలు వచ్చాక కుడిచేతి వాళ్లలో సగం మంది తోపుడు మానేసి తిప్పుడుకు మారారు. బుట్ట దానికే ఎక్కువ ఫలితం ఇస్తోంది. ఎడమచేతి వాళ్లలో ఒకతను తోపుడు తప్ప మరేదీ వేయడు. అతని లెక్క అప్పుడూ ఇప్పుడూ 66.

అంటే డిస్క్ తిరగనప్పుడు చేతుల మధ్య తేడా లేదు. తిరిగినప్పుడే ఉంది.

మధ్యాహ్నం మిగతా నలుగురినీ విడివిడిగా అడిగాను. నలుగురూ తమ చేతినే అనుమానించారు. లచ్చుం ఆట మానేశాడు. ఒకామె రెండు నెలలుగా కుడిచేత్తో సాధన చేస్తోంది. ఇంకొకతను కళ్లు పరీక్ష చేయించుకున్నాడు. పైడమ్మ రోజుకు రెండు వందల దింపులు వేసింది. బుట్టను అనుమానించినవాళ్లు ఒక్కరూ లేరు.

నేనూ అనుమానించలేదు. రోజు 4,191 వార్తలో, "ఊరికి ఇప్పటిదాకా వచ్చిన బుట్టల్లో ఇవే మేలైనవి" అని రాశాను. ఆధారం, తయారు చేసిన మనిషి వేయించి చూపిన వంద విసుర్లు. ఆ వాక్యాన్ని ఇవాళ వెనక్కి తీసుకున్నాను. ఊరి వార్తల ఫలకం మీద దిద్దుబాటు సాయంత్రం ఐదున్నరకు పెట్టాను.

రోజు 4,314

బుట్టలు చేసేది కోరాడ అప్పలస్వామి. వయసు యాభై ఎనిమిది. ఊళ్లో తలుపుల అతుకులు, పంపుల మరమ్మతు, బుట్టలు, అన్నీ ఆయన చేతి పనే. ప్రతి బుట్టకూ వంద దింపులు వేసి పరీక్షించి, అది నెగ్గితే కుడి అరచేతిని తెల్ల రంగులో ముంచి స్తంభం మీద అద్దుతాడు. ఆ ముద్ర లేని బుట్ట మైదానానికి రాదు. మోకాలు నొప్పి వచ్చాక రెండేళ్లుగా ఆ వంద దింపులూ ఒక యంత్రం వేస్తోంది. పాడైన పంపు మోటారుతో ఆయనే చేసుకున్నాడు.

నేనూ పైడమ్మా వెళ్లేసరికి దిద్దుబాటు చదివేసి ఉన్నాడు.

"ఏటి రిపోర్టరు బాబూ, నా బుట్ట ఉమ్ముతున్నాదని రాసినావంట."

"బుట్ట ఉమ్ముతోందని రాయలేదు. మేలైనదని రాసిన మాట తీసేశాను."

"రెండూ ఒకటే. బుట్ట ఉమ్మదు. సెయ్యి ఉమ్ముద్ది. నూటికి తొంభై ఒకటి పడ్డాయి. కాగితం సూపించమంటావా?"

"కాగితం నాను నమ్మతాను మావా," అంది పైడమ్మ. "నీ మోటారు ఎటు తిరుగుతాది?"

"ఎటు తిరిగితే ఏటి? డిస్కు డిస్కే."

"మూడు వైర్ల మోటారు. రెండు వైర్లు మార్సితే ఎదురు తిరుగుతాది. పంపులు సూసేవోడివి, నీకు నాను సెప్పాలేటి?"

అప్పలస్వామి ఆమెను చూశాడు, యంత్రాన్ని చూశాడు. "పొద్దున్నే నా పని సెడగొట్టడానికి వచ్చినావే అమ్మీ," అని మూత విప్పాడు. వైర్లు మార్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

అదే బుట్ట. అదే దూరం, ఐదు మీటర్లు. అదే వేగం. తిరిగే దిశ ఒక్కటే వేరు.

డిస్కులు ఏరడానికి ఆయన మమ్మల్ని రానివ్వలేదు. కుంటుతూ తనే వెళ్లి, తనే లెక్క పెట్టాడు. ముప్పై దాటాక పైకి లెక్కించడం మానేశాడు. వంద పూర్తయ్యాక సుద్దముక్కతో నేల మీద 52 అని రాసి, బల్ల మీద కూర్చున్నాడు.

గొలుసులు చూపిస్తూ చెప్పాడు. ఇక్కడ బరువు ఆరో వంతు. గొలుసు నిలువుగా వేలాడదీస్తే బిగువు ఉండదు, డిస్క్ మధ్యలోంచి దూసుకుపోతుంది. పాత బుట్టల ఇబ్బంది అదే. అందుకని ఈసారి కింది కడియాన్ని కొంచెం తిప్పి బిగించాడు. పన్నెండు గొలుసులూ ఏటవాలుగా, ఒకే వైపుకు బిగిశాయి. కుడిచేత్తో మామూలుగా విసిరిన డిస్క్ గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది. దాని అంచు ఆ వాలును పట్టుకుని కిందికి జారుతుంది. ఎదురు తిరిగే డిస్క్ అదే గొలుసు మీద పైకి ఎక్కుతుంది.

"ఎంత వాలు పెట్టాలో మోకాలు నొప్పితోనే నాలుగు నెలలు ఇసిరి ఇసిరి సూసినాను," అన్నాడు. "ఇసిరింది నా సెయ్యే. యంత్రానికి నేర్పింది కూడా నా సెయ్యే."

"ఊళ్లో ఇంకో సెయ్యి కూడా ఉంది మావా."

"ఇప్పుడు కనపడింది కదే."

రోజు 4,316

పందెం కమిటీ ఉదయం పది గంటలకు కూర్చుంది. అధ్యక్షురాలు ముదునూరి దమయంతి. పద్దెనిమిది బుట్టలకూ ఒకటే వాలు అని అప్పలస్వామి లిఖితంగా ఇచ్చాడు. వంద, వంద విసుర్ల లెక్క నేను చదివాను.

"లెక్క కాదనను," అన్నారు దమయంతి. "కాని ఇద్దరూ ఆడింది ఒకే బుట్టల మీద, ఒకే దూరం నుంచి. ఇంతకంటే సమానం ఇంకేం ఉంటుంది?"

"ఇద్దరికీ కుడికాలి చెప్పులే ఇచ్చి పరిగెట్టమన్నట్టుంది మేడమ్," అంది పైడమ్మ. "సెప్పులు సమానమే."

గదిలో కొందరు నవ్వారు. దమయంతి నవ్వలేదు. నలభై రోజుల వాదన తర్వాత రాసుకున్న నిబంధనను చదివారు. గెలిచినవాళ్లు ఒప్పుకుంటే తప్ప ఫలితాన్ని తిరగదోడకూడదు. లేకపోతే ప్రతి ఏడాదీ నలభై రోజులే అవుతుంది.

అందరూ మస్తాన్ వైపు తిరిగారు. అతను లేచి నిలబడ్డాడు.

"గెలిచినోడివి మళ్లా ఎందుకాడాలని మావోళ్లు అడగతా ఉండారు. నేనేం చెప్పాల? బుట్ట నేను చెయ్యలేదు. ఏ బుట్ట పెడితే దానికి తగ్గట్టు నేర్చుకున్నా. తోపుడు మానుకుని నాలుగు నెలలు తిప్పుడు నేర్చినా. ఇప్పుడు పాత బుట్టలు తెచ్చి పెడితే అన్యాయం నాకు గదా?"

"అవును," అంది పైడమ్మ. అందరికంటే ముందు అన్నది ఆమే.

మస్తాన్ నా చేతిలోని కాగితం వైపు చూపించాడు. "ఆ లెక్కలు యంత్రానివి. నా చేత్తో చూడాల."

కుడిచేతి వాళ్లు కూడా డిస్క్‌ను ఎదురు తిప్పగలరు. మామూలుగా డిస్క్‌ను ఒంటికి అడ్డంగా తెచ్చి, చేతి వెనక భాగం ముందుకు వచ్చేలా విసురుతారు. అలా కాకుండా అరచేతిని ముందుకు పెట్టి, చెరువులో పెంకు విసిరినట్టు విసిరితే డిస్క్ తిరిగే దిశ మారుతుంది. దగ్గర నుంచి అలా ఎవరూ వేయరు కనుక ఎవరికీ తేడా కనబడలేదు. మస్తాన్‌కు మాత్రం ఆ విసురు బాగా వచ్చు. పాత బుట్టల కాలంలో పందెం కట్టి ఐదు మీటర్ల నుంచి ఇరవైకి పద్నాలుగు వేసిన లెక్క నా దగ్గర ఉంది.

కమిటీ మొత్తం మైదానానికి కదిలింది. మస్తాన్ అదే దూరం నుంచి, అదే తీరులో ఇరవై వేశాడు. ఏడు పడ్డాయి. పదహారో డిస్క్ స్తంభానికి సూటిగా తగిలి, అర చుట్టు తిరిగి, పైకి లేచి బయట పడింది. ఆ డిస్క్ నేలను తాకేదాకా అతను చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా, నీది కూడా ఇట్నే వచ్చింది గదా ఆ రోజు."

"అచ్చం ఇలాగే."

"మళ్లా ఆడదాం. కాని బుట్ట ఇద్దరికీ కొత్తదై ఉండాల. నీకు అలవాటైంది వద్దు, నాకు అలవాటైందీ వద్దు."

పన్నెండు గంటల ఐదు నిమిషాలకు కమిటీ ఫలితాన్ని పక్కన పెట్టింది. పద్దెనిమిది బుట్టలు మార్చే వ్యవధి లేదు. ఒక్క బుట్ట చేయడానికి అప్పలస్వామికి మూడు రోజులు ఇచ్చారు. అద్దం తేదీ మారదు.

చెట్టుకు మొగ్గలు 73.

రోజు 4,318

కొత్త బుట్టకు రెండు వరసల గొలుసులు. బయటి పన్నెండూ ఒక వైపు వాలు, లోపలి పన్నెండూ ఎదురు వాలు. అదనపు గొలుసు పాత ఎత్తుడు యంత్రం నుంచి కోశారు.

మొదటి పరీక్ష మధ్యాహ్నం ఒంటిగంటకు. గడియారం దిశలో నూటికి 63. ఎదురు దిశలో 61.

"సమానమే కదా," అన్నాను.

"సమానంగా సెడింది," అన్నాడు అప్పలస్వామి. "ఎవుడి డిస్కూ నిలబడకపోతే అది న్యాయం కాదు బాబూ, సెత్తడబ్బా."

రెండు వరసలూ ఒకదానికొకటి ఆనుకుని బిర్రబిగుసుకున్నాయి. డిస్క్ గోడకు తగిలినట్టు తగిలి వెనక్కి వస్తోంది. పైడమ్మ గొలుసుల మధ్య చేయి పెట్టి చూసింది. "లోపలిది లోపలికి జరుపు మావా. నాలుగు వేళ్ల సందు ఉండాలి. ముందు బయటిది మెత్తబరిస్తే, లోపలిది పట్టుకుంటాది."

"నాలుగు వేళ్లంటే నీ వేళ్లా, నా వేళ్లా?"

"నీవి లావు. నీవే పెట్టు."

లోపలి కడియాన్ని కోసి, చిన్నది చేసి మళ్లీ అతికాడు. సాయంత్రం ఆరింటికి రెండో పరీక్ష. గడియారం దిశలో 86, ఎదురు దిశలో 85. వైర్లు మార్చి మరో వంద, వంద. 84, 86. తర్వాత మస్తాన్‌ను పిలిచి, అతనితోనూ పైడమ్మతోనూ చెరో పాతిక తోపుడు దింపులు వేయించారు. యాభైకి 40, అంటే నూటికి 80.

తిప్పుడుకూ తోపుడుకూ ఇంకా ఐదారు తేడా ఉంది. అది రాస్తానని చెప్పాను. "రాయి," అన్నాడు అప్పలస్వామి. "ఒచ్చే ఏడుకి ఆ పని కూడా సూద్దాం."

రోజు 4,319

ఉదయం ఎనిమిదింటికి కొత్త బుట్టను మైదానంలో పాతారు. అప్పలస్వామి తెల్ల రంగు పళ్లెం తెచ్చి, కుడి అరచేతిని ముంచి, స్తంభం మీద అద్దాడు. తర్వాత పళ్లెం పైడమ్మ ముందు పెట్టాడు.

"ఏటి మావా ఇది?"

"ఎడం సెయ్యి పెట్టు."

"పరీక్ష సేసింది నీ యంత్రం కదా."

"రెండో వంద నీ దిక్కుకే తిరిగింది. పెట్టు, రంగు ఆరిపోతాది."

ఆమె ఎడమ అరచేతిని అద్దింది. ఇప్పుడు స్తంభం మీద పక్కపక్కన రెండు ముద్రలు ఉన్నాయి. ఇకపై ప్రతి బుట్టకూ రెండు దిశల్లోనూ వంద వంద విసుర్లు పడాలని, రెండు ముద్రలూ లేనిది మైదానానికి రాకూడదని కమిటీ మధ్యాహ్నం తీర్మానించింది. వచ్చే పందేల జాబితాలో లచ్చుం తన పేరు మళ్లీ రాసుకున్నాడు. కుడిచేత్తో సాధన చేస్తున్న ఆమె సాయంత్రం మైదానంలో ఎడమచేత్తో విసురుతూ కనబడింది.

రేపు గెలుస్తారా అని ఇద్దరినీ అడిగాను. మస్తాన్ జవాబు: "గెలుస్తా. ఈసారి ఎవురూ ఏమీ అనలేరు." పైడమ్మ జవాబు: "నా డిస్కు నానెక్కడ కొడితే అక్కడే తగుల్తాది. పట్టుకోవడం బుట్ట పని. ఇది పట్టుకుంటాది."

సాయంత్రం ఐదింటికి చెట్టుకు మొగ్గలు 112. ఒకటి విచ్చింది. పసుపు రేకలు, వాటి మీద ఎర్రటి గీతలు.

రేపు, రోజు 4,320, ఉదయం తొమ్మిదింటికి ఆట మొదలవుతుంది. ఒకే బుట్ట. ఐదు, ఏడు, తొమ్మిది మీటర్ల నుంచి ఒక్కొక్కరికీ పదేసి దింపులు, మొత్తం ముప్పై. చీటీ ప్రకారం మొదటి దింపు పైడమ్మది, ఎడమచేత్తో. పన్నెండింటికి కమిటీ అద్దం దగ్గరి ఇద్దరు మనుషులకు తూర్పు, పడమరల్లో ఒక మాట చెబుతుంది. రెండింటికి అద్దం తిరుగుతుంది.